అవ్వ ఇచ్చిన మాట



వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ కొద్ది నిమిషాలూ ఒక రచయిత్రి గురించి మీతో ముచ్చటించాలని వచ్చాను. ఆవిడ డాక్టర్ పాకాల యశోదారెడ్డిగారు. అయితే ముందు నా గొడవ కొంచెం వినాలి మీరు. అది వింటేగాని ఆవిడ నాకు ఏమవుతారో మీకు తెలియదు.

మాది కర్నూలు జిల్లాలో ఎమ్మిగనూరు దగ్గర నందవరం. నా ఆరో యేట అమ్మ పోయింది. మా అవ్వ పెంచింది. జొన్నరొట్టె తట్టేటప్పుడూ, శెనక్కాయలు ఒలిచేటప్పుడూ అవ్వ నోరు ఊరుకునేది కాదు. సామెత లేకుండా ఒక్క మాట వచ్చేది కాదు. బడికన్నా ముందు నాకు అబ్బిన చదువు అదే.

1975లో పెళ్లయి హైదరాబాదు వచ్చాను. కాపురానికొచ్చిన కొత్తలో పక్కవాటా ఆవిడ చేతిసంచీతో బయల్దేరుతుంటే, "యాడికి పోతాండారు వదినా?" అని ఆప్యాయంగానే పలకరించాను. మర్నాడు పేరంటంలో ఆవిడ నలుగురి ముందూ నా మాటను నాలాగే అని చూపించింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ రోజునుంచి నలుగురిలో నోరు విప్పడం మానేశాను. "మీ కోడలికి మాటలు రావా?" అని మా అత్తగారిని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. అవ్వ ఇచ్చిన మాట కాస్తా పోయేసరికి, నాకు అమ్మ రెండోసారి పోయినట్టయింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుకుంటున్నాను. రేడియోలో ఎవరో కథ చదువుతున్నారు. చదువుతున్నట్టు లేదు, అరుగుమీద కూచుని చెబుతున్నట్టుంది. అన్నీ పల్లెటూరి ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలే! చేట పక్కన పెట్టి విన్నాను. చివర పేరు చెప్పారు, యశోదారెడ్డి అని.

ఆవిడది పాలమూరు సీమ. మా ఊరికి దగ్గరలోని నాగలదిన్నె వద్ద తుంగభద్ర దాటితే ఐజ వస్తుంది. అక్కణ్ణుంచి పాలమూరు నేలే. వాళ్ల యాసా మా యాసా ఒకటి కాదు. అయినా ఏటికి ఆ గట్టూ ఈ గట్టూ కదా, వినగానే చుట్టరికం తెలిసిపోయింది.

యశోదారెడ్డిగారు 1929 ఆగస్టు 8న బిజినేపల్లిలో పుట్టారు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. అప్పుడది నిజాం రాజ్యం. కచేరీల్లోనూ పైచదువుల్లోనూ ఉర్దూదే పెత్తనం. అలాంటిచోట ఒక పల్లెటూరి ఆడపిల్ల, అందులోనూ తల్లి లేని పిల్ల, తెలుగులో పెద్ద చదువు చదవడమంటే ఏమంత సులువు చెప్పండి?

1947లో చిత్రకారుడు పి.టి. రెడ్డిగారితో పెళ్లయింది. పెళ్లయింది కదా, ఇక పుస్తకాలు అటకెక్కి ఉంటాయనుకుంటాం మనం. ఎం.ఎ. చేసింది పెళ్లయ్యాకే. కోఠీ మహిళా కళాశాలలో తెలుగు అధ్యాపకురాలైందీ, 'తెలుగులో హరివంశములు' అనే విషయం మీద పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నదీ ఆ తర్వాతే.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. పరిశోధనకు కూచుంటే ఎఱ్ఱన, నాచన సోమన. కథకు కూచుంటే పాలమూరు పల్లెల ఆడవాళ్లు. అంత చదువు చదివి కూడా తన ఊరి మాటను ఆవిడ గడప అవతల నిలబెట్టలేదు. 'మా ఊరి ముచ్చట్లు' 1973లో పుస్తకమై వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత 'ఎచ్చమ్మ కథలు' వచ్చాయి. 1990 నుంచి 1993 దాకా ఆవిడ ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘానికి అధ్యక్షురాలు. చూశారా! ఏ మాట వింటే పట్నంలో నవ్వుతారో, ఆ మాటతో కథలు రాసిన మనిషే రాష్ట్రమంతటి భాషకూ పెద్దదిక్కయ్యారు.

నారాయణగూడలో వాళ్లింటి పేరు 'సుధర్మ'. ఒకరి చేతిలో కుంచె, ఒకరి చేతిలో కలం. 1996లో ఆయన కన్నుమూసేదాకా 49 ఏళ్ల కాపురం. ఒకే కప్పు కింద ఇద్దరూ తమ తమ పనుల్లో పేరు తెచ్చుకోవడం ఎంత అపురూపమో, సంసారాలు చేస్తున్న మనకు ఒకరు చెప్పాలా?

ఆ కథ విన్న రాత్రి మావారితో ఆ సంగతంతా చెప్పాను, మా ఊరి మాటలోనే. ఆయన నవ్వలేదు. మర్నాడు ఆఫీసునుంచి వస్తూ ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. "మీ అవ్వ మాటలు మరిచిపోకముందే రాసిపెట్టుకో" అన్నారు. పిల్లలు పడుకున్నాక రాసేదాన్ని. అవే మెల్లగా కథలయ్యాయి. మొదటి కథ అచ్చయినప్పుడు ఆ పత్రిక నందవరం పంపాను. అవ్వకు చదువు రాదు. పక్కింటి పిల్లాడు చదివి వినిపిస్తే, "ఇందులో ఆయమ్మి రాసిందేముంది, ఇవన్నీ నా మాటలే గదా!" అందట. కోప్పడిందో మురిసిపోయిందో నాకిప్పటికీ తెలియదు. నిజమైతే అదే.

ఇప్పుడు నా ఇల్లు మనవలతో నిండుగా ఉంది. యశోదారెడ్డిగారు 2007 అక్టోబరు 7న వెళ్లిపోయారు. ఒక్కసారైనా వెళ్లి ఆవిడకు నమస్కారం పెట్టలేకపోయానే అనే కొరత మాత్రం ఉండిపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

అమ్మలారా, మీ ఇంటికి వేరే సీమనుంచి కోడలు వస్తుంది. పక్కింట్లో కొత్త కాపురం దిగుతుంది. ఆ పిల్ల మాట మీకు వింతగా తోస్తే నవ్వకండి. పక్కన కూచోబెట్టుకుని, "మీ ఊళ్లో ఇంకా ఏమంటారు తల్లీ?" అని అడగండి. ఆ పిల్ల వెంట తెచ్చుకున్న పుట్టిల్లు బహుశా ఆ మాట ఒక్కటే కావచ్చు.