స్తంభం లేని కప్పు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఉప్పల్ స్టేడియంలో 2005 నవంబరు 16న తొలి వన్డే జరిగింది. అలాంటి చోట ప్రేక్షకుడికి నీడ కావాలి, ఆటకు స్తంభం అడ్డు రాకూడదు. కిటుకు సైకిల్ చక్రంలో ఉంది. రిమ్ము నొక్కుడును భరిస్తుంది, స్పోకులు లాగుడును భరిస్తాయి. 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీ నెహ్రూ స్టేడియం మీద వేసిన కప్పు ఈ పద్ధతిదే. ఇలాంటి పనిలో ఉక్కు తాళ్లను కిందనే పరిచి, జాకీలతో మెల్లగా పైకి లాగి, చుట్టూ ఉన్న రింగుకు బిగిస్తారు. పరంజా ఖర్చు బాగా తగ్గుతుంది. పొర ఆ తరువాతే.

అమెరికాలో రాలీ పట్టణపు డార్టన్ అరీనా 1952లో తాళ్ల వల మీద నిలిచింది. దాన్ని ఊహించిన నోవిట్స్కీ మన చండీగఢ్ పనికి వచ్చి, తిరుగు ప్రయాణంలో 1950లో ఈజిప్టులో విమానం కూలి మరణించాడు. కప్పును చూడనేలేదు, పాపం.

స్లాబుకు దాని బరువే రక్ష. ఈ తేలిక కప్పును మాత్రం వేసవి గాలివాన కింది నుంచి ఎత్తేస్తుంది. అందుకే తాళ్లను ముందే లాగి బిగువులో ఉంచాలి. వదులైతే పొర కొట్టుకుని చిరుగుతుంది.

తాడుకు గండం తరచు కొసలోనే. పోర్టోరికోలో అరెసిబో టెలిస్కోపు తాడొకటి 2020 ఆగస్టులో సాకెట్లోంచి జారింది. నవంబరులో ఇంకొకటి తెగింది. డిసెంబరు 1న పైనున్న వేదిక మొత్తం కూలింది. అది కప్పు కాదు, కాని తాడు తాడే.

ప్రారంభోత్సవానికి దొరికే డబ్బు మరమ్మతుకు దొరకదని మన సర్వీసులో అందరం చూశాం. మనవలను మ్యాచ్‌కు పంపే ముందు మనం అడగవలసింది ఇదే: తాళ్ల బిగువు ఏటా కొలుస్తున్నారా? సాకెట్ల దగ్గర తుప్పు, జారుడు చూస్తున్నారా? ఆ రిజిస్టరు ఎవరి దగ్గర ఉంది?