వేసవి సెలవులు – మగ్గపు బడి
(వార్షిక మహాసభయందు చదివిన ప్రసంగ పాఠము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుటకు నన్ను పిలిచిన మీ యాదరమునకు కృతజ్ఞుడను. జీవితమంతయు బడిగదులలో గడపినవాడను; సభారంజకముగా మాటలాడు నేర్పు నాకు లేదు. నగరవాసులమైన మనము వేసవి సెలవులలో పిల్లలతోను పెద్దలతోను కూడి చేయదగిన కార్యమేమి యనునది మీరు నాకు నిర్ణయించిన విషయము. అది చెప్పుటకు ముందు నా యింట జరిగిన యొక చిన్న సంగతిని విన్నవించెదను.

గడచిన వేసవిలో సెలవులకు మా యూరి యింటికి పోయితిమి. ఎనిమిదేండ్ల నా మనుమరాలు తెలుగు వాచకము చదువుకొనుచు, "తాతయ్యా, పడుగు పేక అనగా నేమి?" అని యడిగినది. నేను మిక్కిలి యుత్సాహముతో, నిలువు దారములు పడుగనియు, అడ్డు దారములు పేక యనియు, సంస్కృతమున 'ఓతప్రోతము' లనునవి యివియే యనియు చెప్పితిని. 'తంతు' శబ్దమునకు దారమనియు సంతతియనియు రెండర్థములు కలవనియు, 'తంత్ర' శబ్దమునకు మగ్గమను నర్థము కూడ కలదనియు వివరించితిని. అంతయు విని యా పిల్ల, "అది సరే తాతయ్యా, చూపించు" అన్నది.

చూపుటకు నాయొద్ద నేమియు లేదు. మేము కూర్చున్న చోటనే యొకప్పుడు మా తండ్రిగారి గుంటమగ్గ ముండెడిది. ఆయన గతించిన పిమ్మట, 1991లో, ఆ గుంటను పూడ్పించి పైన గచ్చు చేయించినవాడను నేనే. పుస్తకములు పెట్టుకొనుటకు నాకు గది కావలసివచ్చినది. మగ్గపు కఱ్ఱలు పొయ్యిలోనికి పోయినవి; నాడె యెక్కడ పడినదో యెఱుగను. ముప్పది యేండ్లు తరగతిలో ఓతప్రోతములకు అర్థము చెప్పితిని గాని, ఒక్క విద్యార్థిచేతనైనను ఒక్క పోగు పట్టింపలేదు. ఆ పిల్ల యన్న 'చూపించు' అను మాట నన్ను నేటికిని వదలలేదు. నేను నేడు చెప్పబోవునదంతయు ఆ మాటకు ప్రత్యుత్తరమే.

భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ వంశమువారమని చెప్పుకొను మనలో అనేకులు మగ్గమును విడిచి హైదరాబాదు, షోలాపురము, భివండి, సూరతు, ముంబయి నగరములు చేరిరి. ఇందు సిగ్గుపడవలసినది లేదు. మగ్గము కడుపు నింపనప్పుడు మనుష్యుడు కదలక తప్పదు. మన బిడ్డలు వైద్యులును, ఇంజనీర్లును అగుట మనకందఱకును సంతోషమే. వారిని మరల గుంటలోనికి దింపవలెనని నేను చెప్పుట లేదు. పనితో పొట్ట పోసికొనుట వేఱు, పనిని ఎఱుగుట వేఱు. మొదటిది పోయినది కదా యని రెండవదానిని కూడ పోనిచ్చితిమి. నా విచారమంతయు అందులకే.

ఇక వేసవి సంగతి. ఏప్రిల్ చివర బడులు మూసినది మొదలు జూన్ నెలలో మరల తెఱచువఱకు ఇంచుమించు నెలన్నర. తల్లిదండ్రు లుద్యోగములకు పోవుదురు. బిడ్డ సెల్ ఫోనుతో నింట నుండును. నగరమున శిబిరములు లేకపోలేదు. ఈత, చిత్రలేఖనము, నృత్యము చక్కగా నేర్పుచున్నారు. అయినను నేను చూచినంతవఱకు బిడ్డ లోపల నుండును, తల్లి బయట బల్లమీద నుండును, తాత యింటనే యుండును. ముగ్గురును ఒక్కచోట చేరి ఒక్క పని చేయుట కానరాదు.

మగ్గము అట్టిది కాదు. అది స్వభావముచేతనే యింటిల్లిపాదిని కోరును. పడుగు సాగదీసి గంజి పట్టించుటకు నలుగురు మనుష్యులు కావలెను. కండెలు చుట్టుట ముసలివారికిని పిల్లలకును తగినది. ఆసుపోయుట మా తల్లుల పని. మగ్గమున గూర్చున్నవా డొక్కడే కనబడును గాని, వాని వెనుక కుటుంబమంతయు నుండును. 2019–20 చేనేత గణనములో దేశమున చేనేత, దాని అనుబంధ వృత్తులలో నున్నవారు 35 లక్షలకు పైగా తేలిరి. వారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. వేసవిలో కుటుంబమంతయు కలిసి చేయదగిన పని యేదియని వెదకుచున్నాము. అది మన తాతల యింటనే యుండెను.

పిల్లలు చూచినందువలన ఫలమేమి యని కొందఱడుగుదురు. ఆలేరు ప్రాంతమునకు చెందిన చింతకింది మల్లేశముగారిని తలచుకొనుడు. ఒక చీరకు ఆసుపోయుటలో చేయి ఇంచుమించు 9,000 మాఱులు అటునిటు కదలవలెను. తల్లి లక్ష్మిగారి భుజపు నొప్పిని బాల్యమునుండి కన్నులార చూచిన ఆ కుమారుడు, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ నిచ్చినది. అది కళాశాలలో నేర్చిన విద్య కాదు. పనిని దగ్గఱనుండి చూచిన బిడ్డకే దానిని బాగుచేయవలెనను తలంపు పుట్టును. చేతిపనిమూలమున చదువు చెప్పవలెనని 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు ప్రతిపాదించినదియు ఇట్టి నమ్మికతోనే. ఆ విద్యాప్రణాళికను సిద్ధపఱచిన సంఘమునకు అధ్యక్షుడైన జాకిర్ హుసేన్ గారు మన హైదరాబాదుననే 1897లో జన్మించిరి.

కావున నా విన్నప మిది. వచ్చు మే నెలలో మన సంఘభవనమున పది దినములు, ఎండ ముదురకముందే, ఉదయము 7 గంటలనుండి 10 గంటలవఱకు మగ్గపు బడి నడపుదము.

అయిదారేండ్ల పసివారికి అట్టముక్క చాలును. దాని పై అంచునను క్రింది అంచునను గంట్లు పెట్టి దారము బిగించి, రంగుదారమును ఒక పోగుపైనుండి, ఒక పోగు క్రిందినుండి పోనిచ్చిన యెడల, నేను గంటసేపు చెప్పిన యర్థము ఆ బిడ్డకు పావుగంటలో తెలియును. తొమ్మిదేండ్లు దాటినవారు రాట్నముపై కండెలు చుట్టవచ్చును. ప్రక్కన నవ్వ కూర్చుండి పోగు తెగినచోట ముడి వేయుట చూపును. పండ్రెండేండ్లవారికి చిటికి పని నేర్పవలెను. పోచంపల్లి వస్త్రమున రంగు నేసిన పిమ్మట అద్దినది కాదు. నేయకముందే నూలును లెక్క ప్రకారము కట్టి రంగులో ముంచుదురు. కట్టినచోట రంగు పట్టదు. ఒక్క పోగు లెక్క తప్పినను పువ్వు చెదరును. గణితమన్న భయపడు బాలునికి ఇంతకంటె మంచి పాఠము లేదు. రంగులకు దానిమ్మతొక్క, మోదుగపూలు, పటిక మొదలగువానిని వాడుదము. కాగుచున్న రంగునీటి పాత్రలను పెద్దలే ముట్టవలెను. ఘాటైన రసాయనములను పిల్లల దరికి రానీయరాదు.

మేడపైన గుంట త్రవ్వుట సాధ్యము కాదు గనుక చట్రపు మగ్గములు రెండు చాలును. కాని యొక మాట. గుంటమగ్గమునకు నేల చెమ్మ తోడుండును. మేడపైన మే నెల యెండకు నూలు పెళుసెక్కి తెగును. తడిగోనెలు వ్రేలాడదీసి, నేలపై నీరు చిలుకుచుండవలెను. ఇట్టివి నేతగాండ్రకు తెలిసినట్లు మాబోటి పండితులకు తెలియవు.

అందువలన మూడు నియమములను కోరుచున్నాను. మొదటిది: నేర్పువారు నేతగాండ్రే కావలెను, స్త్రీలును అందు సమముగా నుండవలెను, వారికి దినకూలి లెక్కగట్టి చెల్లింపవలెను. సన్మానము కూలికి బదులు కాదు. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ యుద్యమము ఆరంభమైన దానికి గుఱుతుగా, 2015 మొదలు ఆ దినమున జాతీయ చేనేత దినము జరుపుచున్నాము. ఆనాడు మనము నేతగాండ్రకు కప్పు శాలువలలో చేతినేతవి యెన్నియో ఒక్కమాఱు తడవి చూచుకొనుడు; అంతకంటె చెప్పను. రెండవది: ఈ బడికి కులము అడ్డు కారాదు. ప్రక్కయింటి బిడ్డ ఏ యింటి బిడ్డయైనను రావలెను. మనము నేసిన బట్టను లోకమంతయు కట్టినది. మన విద్యను మాత్రము దాచుకొనుట న్యాయము కాదు. మూడవది: బిడ్డను విడిచి పోవుటకు ఎవ్వరికిని అనుమతి లేదు. తల్లియో తండ్రియో తాతయో అవ్వయో, ఎవరో యొకరు తోడుగా కూర్చుండి పని చేయవలెను.

పది దినములు గడచునప్పటికి వచ్చిన ప్రతి కుటుంబమును ఒకే పడుగుపై జానెడు చొప్పున నేయవలెను. పోగు తప్పినచోట విప్పవలదు; అట్లే యుండనిండు. ఆ వస్త్రమును వచ్చు మహాసభయందు ఈ వేదికపై పఱతము. మన పిల్లల చేతులు నేసిన ఆ వంకర అంచుకంటె ఈ వేదికకు మంచి యలంకారము కానరాదు.

పోషకమహాశయులారా! మీరు వసతిగృహములు కట్టించితిరి, విద్యార్థులకు వేతనము లిచ్చితిరి. అందువలన చదివినవారిలో నేనును ఒకడను. ఇప్పుడు నేను కోరునది స్వల్పము. భవనమును పది ఉదయములు తెఱచి యుంచుడు. రెండవ మగ్గమునకును కూలికిని తోడ్పడుడు. మొదటి మగ్గమునకగు వ్యయమును నా పింఛనునుండి నేనే యిచ్చెదను. దీనిని దానమని వ్రాయవలదు. పూడ్చిన గుంటకు ప్రాయశ్చిత్తమని వ్రాసికొనుడు.

వచ్చు వేసవిలో నా మనుమరాలు మరల "చూపించు" అనును. అప్పుడు ఆమె చేయి పట్టుకొని తీసికొనిపోవుటకు నాకొక చోటు కల్పింపుడని మిమ్ము వేడుకొనుచున్నాను.