గుమ్మడికాయల దొంగ, పాలిగ్రాఫ్ మిషను



గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. అబద్ధాలు పట్టేస్తుందనే పాలిగ్రాఫ్ మిషను నమ్ముకున్నదీ ఈ సామెతనే. ఛాతీకి బెల్టు, చేతికి బీపీ పట్టీ, వేళ్లకు తీగలు. ఊపిరి, నాడి, రక్తపోటు, చెమట తప్ప అది కొలిచేదేమీ లేదు. రాత్రంతా ఠాణాలో కూర్చోబెట్టిన కూలీని ‘నువ్వేనా చంపింది?’ అంటే, చంపనివాడికీ అరచేతులు తడుస్తాయి. సీఐఏలో ఉంటూ సోవియట్లకు రహస్యాలమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ మాత్రం 1986లోనూ 1991లోనూ ఈ పరీక్ష పాసయ్యాడు. భుజం వైపు చెయ్యే పోని దొంగ!

2003లో అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ ఒక లెక్క వేసింది. 10,000 మంది ఉద్యోగుల్లో 10 మంది గూఢచారులున్నారనుకోండి. వాళ్లలో 8 మంది దొరికేలా పరీక్ష బిగిస్తే, దాదాపు 1,600 మంది అమాయకులూ దొరికిపోతారు.

మన సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో తేల్చేసింది. ఇష్టం లేనివారికి పాలిగ్రాఫ్, నార్కో (మత్తుమందిచ్చి ప్రశ్నించడం), బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదు. ఇష్టపడి చేయించుకున్నా ఆ ఫలితం దానంతటది సాక్ష్యం కాదు. వివేకానందరెడ్డి హత్య కేసులో నిందితుడు ఒప్పుకోలేదని 2021లో జమ్మలమడుగు కోర్టు సీబీఐ నార్కో పిటిషన్‌ను కొట్టేసింది. అయినా బెయిల్ విచారణలో పాట్నా హైకోర్టు నార్కోకు తలూపితే, అమ్లేశ్ కుమార్ కేసులో 2025 జూన్‌లో సుప్రీంకోర్టు మళ్లీ అడ్డుపడాల్సి వచ్చింది.

చట్టం బాగానే ఉంది. నా గుబులంతా ఆ ‘ఇష్టం’ దగ్గరే. స్వచ్ఛందంగా చేయించుకున్న పరీక్షలో చెప్పిన మాట వల్ల తర్వాత ఏదైనా వస్తువు బయటపడితే, అది సాక్ష్యంగా కోర్టుకెక్కవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 27వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23. సమ్మతి సంతకం మీద దర్యాప్తు అధికారులకు మోజు అందుకే. ‘తప్పు చేయకపోతే భయమెందుకురా?’ అంటే ఎవడు కాదనగలడు? కాదన్నా, సాయంత్రం టీవీ చర్చల్లో వాడే దోషి.

ఈ ‘ఇష్టం’ గురించి జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లోనే చెప్పింది: లాయరు అందుబాటులో ఉండాలి, సమ్మతిని జుడీషియల్ మేజిస్ట్రేట్ ముందు నమోదు చేయాలి. ఇవాళ నల్సార్‌లో న్యాయ పట్టాలు అందుకుంటున్న మీతో రేపు మేడ్చల్ కోర్టు వరండాలో మీ క్లయింటు ‘నేనేం చేయలేదు సార్, ఆ మిషనేదో పెట్టుకోమనండి’ అంటాడు. వెంటనే సరేననకండి. పక్కకు పిలిచి, కాదంటే ఏమవుతుందని పోలీసులు చెప్పారో అడగండి. అదే ప్రశ్న మేజిస్ట్రేట్ గారి చేత కూడా అడిగించి, జవాబు అతని మాటల్లోనే రికార్డుకెక్కేలా చూడండి.