పిల్లల బెంగ – పెద్దల తోడు

(ప్లాటినం జూబిలీ తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బదియైదు సంవత్సరాలు పూర్తి చేసుకొన్న వేళ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైన వారిని, పతకాలు గెలిచిన వారిని, పదవులు అలంకరించిన వారిని స్మరించుకోవడం సముచితం. కాని ప్రతి తరగతిలోను మరొక బిడ్డ ఉంటాడు. హాజరుపట్టీలో తన పేరు పిలిచినా వాని గుండె దడదడలాడుతుంది. పరీక్ష నాటి ఉదయం కడుపునొప్పి వస్తుంది. జూబిలీ సంచికలో వాని ఛాయాచిత్రం ఉండదు. ఈ ప్రసంగం ఆ బిడ్డను గురించి.

తొండియార్‌పేటకు దక్షిణాన, కొద్ది దూరంలోనే, మద్రాసు ఓడరేవు ఉన్నది. అక్కడి కార్యాలయంలో 1912లో ఒక యువకుడు గుమాస్తాగా చేరాడు. ఆయనే గణిత మేధావి శ్రీనివాస రామానుజన్. చిన్నతనంలో ఆయన కొంతకాలం ఈ మద్రాసులో ఉన్నప్పుడు, బడికి పోనని మొరాయించే ఆ బాలుణ్ణి బడికి పంపడానికి ఇంటివారు ఒక పోలీసు కానిస్టేబులు సాయం పట్టవలసి వచ్చింది. తరువాత కుంభకోణం కళాశాలలో గణితం తప్ప మిగిలిన పాఠ్యాంశాలలో వెనుకబడి ఉపకారవేతనం పోగొట్టుకొన్నాడు. 1905లో, పదిహేడేళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా విశాఖపట్టణం వెళ్ళిపోయాడు. అటు పిమ్మట మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్షలోను తప్పాడు.

ఆ యువకుని జీవితం మలుపు తిరిగినది దండించినవారి వలన కాదు, విన్నవారి వలన. 1910 చివర నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు ఆయన నోటుపుస్తకాలు చూచాడు. మొదట అర్థం కాకపోయినా త్రోసిపుచ్చక మళ్ళీ పిలిపించుకొని విన్నాడు. నమ్మకం కుదిరిన పిమ్మట నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకొన్నాడు. బెంగపడే ప్రతి బిడ్డా రామానుజన్ కానవసరం లేదు. కాని కానిస్టేబులు బిడ్డను బడి గుమ్మం దాకా తీసుకుపోగలడే గాని, లోపల వాని మనసును నిలుపలేడన్న సత్యం ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది.

భయం సహజమైనది. అపాయం ఎదురైనప్పుడు పరుగెత్తడానికో పోరాడడానికో శరీరం తనను తాను సిద్ధపరచుకొంటుంది. అడ్రినలిన్ అనే రసం విడుదలై గుండె వేగంగా కొట్టుకొంటుంది, ఊపిరి పెరుగుతుంది, అరచేతులు చెమరుస్తాయి. పాము ఎదురైనప్పుడు ఇది రక్ష. ప్రశ్నపత్రం ఎదురైనప్పుడు కూడ శరీరం అదే గంట మోగిస్తే, ఆ గంట రోజూ మోగుతూ నిద్రను, ఆకలిని, చదువును చెడగొడితే, అది పెద్దలు పట్టించుకోవలసిన బెంగ అవుతుంది. ఉదయం పూట కడుపునొప్పి, తలనొప్పి, నిద్రలేమి, గోళ్ళు కొరకడం, చీటికిమాటికి చిరాకు, స్నేహితులకు దూరం కావడం దాని గుర్తులు. ‘నటిస్తున్నాడు’ అన్న మాట ఇక్కడ చెల్లదు. భయం మనసులో పుట్టినా నొప్పి నిజమైనదే.

ఉరుము ఉరిమితే అర్జునుని పేర్లు తలచుకొమ్మని తెలుగు ఇండ్లలో అమ్మమ్మలు చెబుతారు. ఆ అర్జునునికే కురుక్షేత్రంలో నోరెండిపోయింది, ఒళ్ళు వణికింది, చేతిలోని గాండీవం జారింది. గీతలోని మొదటి అధ్యాయం ఆయన ఆవేదనతోనే ముగుస్తుంది. శ్రీకృష్ణుడు అంతా విన్న తరువాతనే బోధకు పూనుకొన్నాడు. వీరునికే అంతటి స్థితి కలిగినప్పుడు బిడ్డకు కలగడంలో సిగ్గుపడవలసినది లేదు. మొదట వినాలి, తరువాతనే బోధ.

తొండియార్‌పేటలోని తెలుగు మాధ్యమ విద్యార్థికి మరొక బరువు కూడ ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, రేపటి కళాశాలలో ఇంగ్లీషు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతిలో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి సాగి, 2015–16లో పదవ తరగతికి చేరింది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించగా 2016 నుండి పలు సంవత్సరాల విద్యార్థులకు మినహాయింపు లభించింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దానిని మరొక సంవత్సరానికి పొడిగించింది. పెద్దలకు ఇది హక్కుల వ్యాజ్యం. పదిహేనేళ్ళ బిడ్డకు మాత్రం ‘ఏ భాషలో పరీక్ష వ్రాయాలి?’ అన్న రాత్రి వేళ ప్రశ్న. అనిశ్చితిని మించిన బెంగ లేదు.

పెద్దలు ఈ సంగతులు ముచ్చటించుకొనేటప్పుడు ప్రక్క గదిలో బిడ్డ వింటూనే ఉంటాడు. ‘తెలుగు మీడియంలో చేర్చి పొరపాటు చేశామేమో’ అన్న ఒక్క మాట చాలు, ఆ బిడ్డ తన బడిని, తన భాషను, తననే తప్పుగా ఎంచుకోవడానికి. ఈ పేటలో అంటువ్యాధుల ఆసుపత్రి ఉన్నది. ఆ వ్యాధుల వలెనే భయం కూడ ఇంట్లో ఒకరి నుండి ఒకరికి అంటుకొంటుంది. కనుక తెలిసినదేదో, తెలియనిదేదో, ఎప్పుడు తెలుస్తుందో బిడ్డకు స్పష్టంగా చెప్పాలి. తమిళం నేర్చుకోవడం ఇరుగుపొరుగుతో కలిసి బ్రతకడానికి మంచిదేనని, పరీక్ష సంగతి వేరని విడదీసి చెప్పాలి. అప్పుడు బరువు సగం దిగుతుంది.

బెంగకు గురియైన బిడ్డ విషయంలో పెద్దలు రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది గద్దించడం. రెండవది భయపడిన ప్రతిదాని నుండి తప్పించడం. ‘నేడు బడికి పోనక్కరలేదులే’ అంటే ఆ పూటకు ఉపశమనం కలుగుతుంది, మరునాటికి భయం రెట్టింపవుతుంది. వీటి నడుమ మూడవ మార్గం ఉన్నది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు కుందేలును చూచి భయపడే ఒక పసివాని చికిత్సను ప్రకటించింది. పిల్లవాడు ఇష్టమైన తినుబండారం తింటూండగా కుందేలును దూరాన ఉంచి, నాళ్ళ తరబడి కొంచెం కొంచెంగా దగ్గరకు తెచ్చారు. చివరకు అతడు దానిని ముద్దుగా నిమిరాడు. తరగతిలో నోరు విప్పలేని బాలికకూ ఇదే పద్ధతి. మొదట ఇంట్లో అమ్మ ఎదుట పాఠం చదవాలి, తరువాత ఇద్దరు స్నేహితురాండ్ర ఎదుట, ఆపై తన బల్ల వద్ద నిలబడి, చివరకు నల్లబల్ల ముందు. ప్రతి మెట్టు వద్ద ధైర్యాన్ని మెచ్చుకోవాలి, మార్కులను కాదు.

భయం ముంచుకొని వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా పీల్చి, అంతకంటె నెమ్మదిగా వదలడం నేర్పాలి. అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. పరీక్షల కాలంలో సైతం కౌమార వయస్కులకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. రాత్రంతా మేలుకొలిపి చదివించడం జ్ఞాపకశక్తికే చేటు. పొరుగింటి బిడ్డ మార్కులతో పోల్చడం మానాలి. ఉపాధ్యాయులు తప్పు జవాబును చూచి తరగతి నవ్వకుండ చూడగలిగితే, అది ఎందరో పిల్లలకు మందు.

పరీక్ష తప్పితే జీవితం ముగిసినట్లు కాదు. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన ‘స్నేహ’ సంస్థ ఆత్మహత్యల నివారణకు కృషి చేస్తున్నది. తప్పిన విద్యార్థులు సంవత్సరమంతా వేచి ఉండకుండ త్వరలోనే మళ్ళీ వ్రాసే అవకాశం కల్పించాలని ఆమె వాదించారు. తమిళనాడులో ఆ సదుపాయం ఏర్పడింది. ఈ సంగతి ఫలితాలు వచ్చిన తరువాత కాక ముందుగానే ప్రతి బిడ్డకూ తెలియాలి. ‘మార్కులు ఎన్ని వచ్చినా ఇంటికి రా, అన్నం పెట్టి ఉంచుతాను’ అని తల్లి ఆ ఉదయమే చెప్పాలి.

బెంగ వారాల తరబడి తగ్గకపోతే, బడి మానే దాకా వస్తే, బ్రతకాలని లేదన్న మాట ఒక్కసారి వినిపించినా, వైద్యుని వద్దకు వెళ్ళడానికి ఆలస్యం కూడదు. 1794లో ఆరంభమైన సంస్థ నేడు కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థగా సేవ చేస్తున్నది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 అనే సంఖ్యపై ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చును, తెలుగులో సైతం. జ్వరానికి వైద్యుని చూపించడంలో లేని నామోషీ దీనికీ అక్కరలేదు.

నేటి సాయంత్రం ఇంటికి వెళ్ళిన తరువాత తల్లిదండ్రులు చేయదగిన పని ఒకటి ఉన్నది. ‘ఎన్ని మార్కులు?’ అన్న ప్రశ్నకు బదులు ‘ఈరోజు నీకు ఏది కష్టమనిపించింది?’ అని అడిగి, జవాబు పూర్తి అయ్యేవరకు మధ్యలో మాట్లాడకుండ కూర్చోవాలి. డెబ్బదియైదేండ్ల ఈ బడికి అంతకు మించిన కానుక లేదు.