నోరులేని జీవాలకూ పడవలో చోటు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వీధులు మునిగాయి. అలాంటి వరదలో పడవ వస్తే మనుషులు ఎక్కుతారు. పిల్లులు, కోళ్ళు, మేకలు ఇంటి దగ్గరే ఉండిపోతాయి. మనిషికే చోటు చాలని సమయంలో వాటిని వదిలి వచ్చినవారిని తప్పుపట్టలేం. కానీ శిబిరంలో అన్నం ముట్టకుండా "మా పిల్లి ఏమైంది?" అని ఏడ్చే బిడ్డకు ఏం చెబుతాం? మేక పోయిందంటే పేదింటి పొదుపు పోయినట్టే కదా.

"మనుషులకే దిక్కులేనప్పుడు జంతువుల మాట ఎందుకు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు, పెంపుడు జంతువులను విడిచి రాలేక ఎంతోమంది ఇళ్ళు కదలలేదు. అందుకే 2006లో ఆ దేశం చట్టం చేసింది: తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులున్న కుటుంబాలనూ లెక్కలోకి తీసుకోవాలని. జంతువుకు చోటిస్తే మనిషీ కదులుతాడు.

మన దీన్‌లో ఇది కొత్త మాట కాదు. నూహ్ అలైహిస్సలాం ఓడలో జంతువుల జంటలకూ చోటుంది. పిల్లిని బంధించి, ఆకలితో చంపిన స్త్రీకి శిక్ష పడిందని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆమె దానికి తిండి పెట్టలేదు, తనంతట తాను వెతుక్కోవడానికి వదలనూ లేదు. ఆ రెండో మాట వరద రోజున గుర్తుంచుకోవాలి. వెంట తీసుకుపోలేకపోతే పలుపు విప్పండి. కోళ్ళగూడు తలుపు తీయండి. మెట్లుంటే మేడ మీదికి తోలి, గింజలు, నీళ్ళు పెట్టండి.

ఇక మన వంతు. సహాయ సామగ్రిలో బియ్యం, దుప్పట్లతో పాటు మూతగంపలు, పలుపుతాళ్ళు, దాణా కూడా ఉండాలి. శిబిరం పక్కన ఒక పాక వేయాలి. పశువైద్యుడిని పిలిపించాలి. నీరు తీశాక మేక పోగొట్టుకున్న ఇంటికి మరో మేకను ఇప్పించాలి.

దాతలకు ఒక స్పష్టత. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరా 60వ ఆయత్ చెప్పింది. పశువుల దాణాకు ఆ సొమ్ము ముట్టకూడదు. దాణాకు, పాకకు మీ సదఖా కావాలి. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాపినవాణ్ణి మన్నించిన అల్లాహ్, మీ దానాన్నీ స్వీకరించుగాక. ఆమీన్.