ఎం.బి.ఎ. చదువు – ఎంపికలో లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభ గనుక కావ్యప్రసంగము చేయుమందురని తలంచితిని. కార్యదర్శిగారు మాత్రము మన గ్రామ పట్టభద్రులకు పనికివచ్చు మాట చెప్పుమనిరి. ఈ వేసవిలో మన పఠనమందిరపు బల్లపై దినపత్రికలకన్న కళాశాలల ప్రకటన పత్రములే మిక్కుటముగా కనబడినవి. బి.కాం., బి.ఎస్సీ. ముగించిన పిల్లలు వానిని చేతబట్టుకొని వచ్చి, "ఎం.బి.ఎ.కు ఏ కళాశాల మంచిది మామా?" అని నన్నడుగుచున్నారు. వారి తండ్రులు వేఱొక ప్రశ్న అడుగుచున్నారు: "ఇందుకై ఎకరము అమ్మవచ్చునా?" విచారించి చూడగా ఈ రెండు ప్రశ్నలును ఒక్కటియే. నా ప్రసంగ విషయము అదియే.

ఎం.బి.ఎ. యనగా వ్యాపార నిర్వహణ విద్యలో స్నాతకోత్తర పట్టము. పూర్తికాలపు చదువు రెండేండ్లు. ఇది మనకు క్రొత్త విద్య కాదు. అహమ్మదాబాదు, కలకత్తా నగరములలో ఐ.ఐ.ఎం.లు 1961లో వెలసినవి. అంతకు ముందే, 1957లో, వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పూర్తికాలపు ఎం.బి.ఎ.ను ఆరంభించెను. 2015 నుండి విశాఖపట్టణముననే ఒక ఐ.ఐ.ఎం. నడచుచున్నది.

మన సూళ్లూరుపేటలో నిలిచి నలుదిక్కులు చూతము. తూర్పున ప్రళయకావేరి, దానికావల శ్రీహరికోట. ఆ దిక్కున రాకెట్లు గలవు గాని ఎం.బి.ఎ. లేదు. ఉత్తరమున నెల్లూరికడ 2008లో ఏర్పడిన విక్రమసింహపురి విశ్వవిద్యాలయము. దక్షిణమున తడకు సమీపమున శ్రీసిటీ. 1970లో చెన్నపట్టణమున పుట్టిన ఐ.ఎఫ్.ఎం.ఆర్. సంస్థ, 2018లో ఏర్పడిన క్రియా విశ్వవిద్యాలయములో చేరి, అచ్చట ఈ విద్య నేర్పుచున్నది. అచ్చటి రుసుము విశ్వవిద్యాలయ శాఖల రుసుమునకు అనేక రెట్లు. ఇంకను దక్షిణమునకు పోయిన చెన్నపట్టణము. పడమట తిరుపతి.

తిరుపతి క్షేత్రము మాత్రమే కాదు, విద్యానగరము. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954లోను, శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము 1983లోను స్థాపితములైనవి. 1961లో వెలసిన సంస్కృత విద్యాపీఠము 2020లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. ఐ.ఐ.టి.యు, ఐసర్‌యు 2015లో వచ్చినవి. 2022 ఏప్రిలులో మన తాలూకా నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మాఱిన పిమ్మట మన పిల్లల చూపు ఆ వంకకే ఎక్కువగా మరలినది.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలోను, వాని అనుబంధ కళాశాలలలోను చేరుటకు ఐసెట్ పరీక్ష వ్రాయవలెను. రెండున్నర గంటలలో 200 ప్రశ్నలు. తప్పు జవాబునకు మార్కు తగ్గింపరు. ఐ.ఐ.ఎం.లకు క్యాట్ పరీక్ష. అందు నాలుగింట ఒకటి ఎన్నుకొను ప్రశ్నకు తప్పు గుర్తించిన ఒక మార్కు కోసివేయుదురు. పరీక్షలో నెగ్గుట పిల్లల శ్రమ. నెగ్గిన పిమ్మట ఎచ్చట చేరవలెననునది ఇంటిల్లిపాది లెక్క.

ఈ సందర్భమున మహాభారతమునందలి నలోపాఖ్యానము స్మరింపదగినది. ఋతుపర్ణ మహారాజు బాహుకుడు తోలు రథముపై విదర్భకు పోవుచు, త్రోవలో ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులిన్ని, కాయలిన్ని అని పలికెను. బాహుక వేషముననున్న నలుడు రాజు మాట కదాయని ఊరకుండలేదు. ప్రొద్దు మించుచున్నదని రాజు తొందరపెట్టుచున్నను రథము నిలిపి, చెట్టు పడగొట్టి లెక్కించెను. లెక్క సరిపోయిన పిమ్మట ఆ విద్యను గ్రహించి, తన అశ్వవిద్యను బదులిచ్చెను. జూదపు లెక్క తెలియక రాజ్యము పోగొట్టుకొన్నవాడు, లెక్క తెలిసిన పిదప దానిని మరల గెలిచెను. కళాశాల వారు, "సీట్లు అయిపోవుచున్నవి, రేపే రుసుము కట్టుడు" అని తొందరపెట్టునపుడు మనము తలంచుకొనవలసినవాడు ఈ బాహుకుడే.

లెక్కింపవలసినదేమి? ప్రకటనలలో పెద్ద అక్షరములతో రెండు అంకెలుండును: అత్యధిక జీతము, సగటు జీతము. ఒక తరగతిలో పన్నెండుగురు చేరిరనుకొందము. ఇద్దరికి ఉద్యోగము రాలేదు. తక్కినవారిలో ఇద్దరికి ఏటికి 2 లక్షలు, ఇద్దరికి 2 లక్షల 40 వేలు, మువ్వురికి 3 లక్షలు, ఇద్దరికి 3 లక్షల 60 వేలు. ఒక్కనికి మాత్రము 20 లక్షలు. ఉద్యోగము రాని ఇద్దరిని పక్కనబెట్టి, మొత్తము 45 లక్షలను పదిమందికి పంచిన సగటు నాలుగున్నర లక్షలగును. అచ్చువేసిన అంకెలో అబద్ధము లేదు. ఐనను నాలుగున్నర లక్షలో, అంతకు మించియో అందుకొన్నవాడు పన్నెండుగురిలో ఒక్కడే. ఆ పన్నెండుగురిని జీతముల వరుసన నిలిపి నడుమ చూచినచో తేలు అంకె 2 లక్షల 70 వేలు. ఈ నడిమి అంకెయే మన పిల్లవానికి దగ్గఱి అంకె. ప్రళయకావేరి సగటు లోతు సుమారు ఒక మీటరే. అంతమాత్రమున ముఖద్వారముకడ దిగి నడువుమని పడవవాడు చెప్పునా?

ఈ నడిమి జీతము రహస్యము కాదు. కేంద్రప్రభుత్వము 2016 నుండి ప్రకటించుచున్న జాతీయ ర్యాంకులలో పాల్గొను సంస్థలు, ఎందఱు చేరిరి, ఎందఱు ముగించిరి, ఎందఱికి ఉద్యోగములు దొరకినవి, నడిమి జీతమెంత అనునవి తెలుపవలెను. ఆ పత్రమును తమ వెబ్‌సైటులో నుంచవలెను. పిల్లలు సెల్‌ఫోనులోనే దానిని చూడవచ్చును. ఆ పత్రము లేని కళాశాలను వ్రాతమూలకముగా అడుగుడు. ప్రైవేటు కళాశాలయైన అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఆమోదము, న్యాక్ శ్రేణి కూడ చూడుడు. ఇచ్చునది విశ్వవిద్యాలయ పట్టమా, డిప్లొమాయా యని తెలిసికొనుడు.

ఇక ఎకరము మాట. 6 లక్షల అప్పు, ఏడాదికి మూడేసి లక్షల చొప్పున తీసికొంటిమనుకొందము. వడ్డీ నూటికి 10. చదువు ముగియుసరికి బారువడ్డీ 90 వేలు కలిసి 6 లక్షల 90 వేలగును. ఏడేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 11,450 రూపాయలు కట్టవలెను. పైన చూపిన నడిమి జీతము నెలకు 22,500. అందు సగము బ్యాంకునకు పోయిన, పట్టణమున అద్దె కట్టి, తిని, ఇంటికి పంపునదేమి? అదే చదువు విశ్వవిద్యాలయ వసతిగృహమున లక్షన్నరలో ముగిసినచో వాయిదా సుమారు 2,900 మాత్రమే. పట్టభద్రుడు నెలకు 15 వేల పని మానుకొని చేరినచో, రెండేండ్లలో పోవు 3 లక్షల 60 వేలును ఖర్చు పద్దులోనిదే.

ఖరీదైన చదువెల్ల దండుగయని నా భావము కాదు. నడిమి జీతము భారమునకు తగినట్లున్నచో అప్పుచేసియైన చేరవచ్చును. నేను పెట్టుకొన్న కొలత యొకటి: నెలవాయిదా నడిమి జీతములో నాలుగవ వంతు మించరాదు. మించునెడల ఎకరము అమ్మవద్దు, కళాశాల మార్చుడు. లేదా రెండేండ్లు శ్రీసిటీ కర్మాగారములలోనో, మఱెచ్చటనో పనిచేసి, కొంత కూడబెట్టుకొని చేరుడు. పని చూచి వచ్చినవానికి పాఠము త్వరగా తలకెక్కును.

అంకెలు సరిపోయిన పిమ్మట ఊరిని చూడవలెను. రెండేండ్లు తరగతిలో గడచునది కొంత, ఊరిలో గడచునది కొంత. విద్యానగరమున వేఱువేఱు శాస్త్రములు చదువువారు ఒక్కచోట భోజనము చేయుదురు. ఋతుపర్ణ నలులవలె విద్యకు విద్య మార్చుకొనుట అచ్చటనే జరుగును. తిరుమలలో వేలకొలది జనమును బారులు తీర్చి దర్శనమునకు పంపుటయు, 1985లో ఆరంభమైన నిత్యాన్నదానమును నడపుటయు కన్నులార చూచి, ఎట్లు జరుగుచున్నదని ప్రశ్నించు విద్యార్థికి అవి నిర్వహణశాస్త్రమున గొప్ప పాఠములు. చూచి ఊరకుండువానికి తిరుపతియు ఒకటే, ఏ ఊరైనను ఒకటే.

కావున చేరుటకు ముందు పనిదినమున పోయి చూడుడు, ఉత్సవదినమున వలదు. గ్రంథాలయము రాత్రి ఎన్ని గంటలవఱకు తెఱచియుండును? స్థిరముగా పనిచేయు అధ్యాపకులెందఱు? నిరుడు ముగించినవారికి దొరకిన పని ఏది? ఇల్లిల్లు తిరిగి సరకు అమ్ము పనికిని గొప్ప ఆంగ్లనామములు పెట్టుదురు. కార్యాలయమున కాక, భోజనశాలలో రెండవ యేటి విద్యార్థుల నడుగుడు.

తల్లులతో ఒక మాట. కుమారునికి అప్పుచేసి దూరము పంపి, కుమార్తెకు మాత్రము "ఇంటికడ నుండి దూరవిద్య చాలును" అను లెక్క మన ఇండ్లలో ఇంకను ఉన్నది. మహిళా విశ్వవిద్యాలయము వసతిగృహములతో బస్సు ప్రయాణపు దూరమున నున్నది. మార్కులు బిడ్డవి, అంకెలు ఆడుబిడ్డకు వేఱుగా పలుకవు.

తుదకు గ్రంథాలయమునకు నా విన్నపము. 1984లో కరణీకములు రద్దైనవి గాని లెక్క రద్దు కాలేదు. ఈ రజతోత్సవ జ్ఞాపకముగా ఒక పెద్ద లెక్కపుస్తకమును నేను సమర్పించుచున్నాను. మన ఊరినుండి పైచదువులకు పోయిన ప్రతి బిడ్డయు తిరిగివచ్చి అందు కళాశాల పేరు, కట్టిన రుసుము, ఐన ఖర్చు, దొరకిన పని, మొదటి జీతము తన చేతితో వ్రాయవలెను. పదిమంది వ్రాసినచో పదునొకండవవాడు మోసపోడు. ప్రకటనపత్రము వారి లెక్క. ఈ పుస్తకము మన లెక్క. రెండును ఒకే బల్లపై ఉండవలెను.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఆ పుస్తకము నిండుగాక! సెలవు.