బంగారుతీగ చేపలోని బద్దె పురుగు



అరటిపండులో గింజ యెందుకు కట్టదో మీలో కొందరైనను ఆలోచించియుందురు. మన తోటలలోని అరటి రకములలో పెక్కింటికి ఒక్కొక్క జీవకణములో 33 క్రోమోజోములు, అనగా 11 చొప్పున మూడు వరుసలు గలవు. బీజము ఏర్పడునపుడు ఇవి జతలుగా కూడి విడిపోవలెను. మూడింటికి జత కుదరదు గనుక గింజ కట్టదు. అందుచేతనే పిలకలు నాటుచున్నాము.

ఇట్టి లెక్కయే ఒక బద్దె పురుగులోను కనబడినది. అది బంగారుతీగ చేప ప్రేగులో నివసించును. దాని పేరు అట్రాక్టోలైటోసెస్టస్ హ్యూరోనెన్సిస్. పేరు పొడవేగాని పురుగు చిన్నది. ఉత్తర అమెరికాలో దొరికిన ఈ పురుగును 1958లో వర్ణించిరి. 1969లో దాని క్రోమోజోములను పరీక్షింపగా 24 తేలినవి. 8 చొప్పున మూడు వరుసలు.

ఇట్టి లెక్క చేయుటకు పురుగు ప్రాణముతో నుండగానే ప్రేగునుండి తీయవలెను. సాధారణముగా కోల్చిసిన్ అను మందులో కొంతసేపు ఉంచుదురు. (మన కంచెలపై ఎరుపు, పసుపు పూలు పూయు అడవినాభి దుంపలో నుండు విషమిదియే.) విభజన పొందుచున్న కణము అంతటితో నిలిచిపోవును. పిమ్మట కణములను నీటితో ఉబ్బించి, రంగు వేసి, గాజుపలకపై నలిపి సూక్ష్మదర్శినిలో చూతురు. క్రోమోజోములు చిన్న పుల్లలవలె విడివిడిగా కనబడును.

ఈ పురుగులో మగబీజములు సరిగా తయారు కావు. ఐనను వంశము ఆగలేదు! ఫలదీకరణము లేకయే గ్రుడ్డు పిల్లయగును. అరటికి పిలక యెట్టిదో దీనికి గ్రుడ్డు అట్టిది. కావున ఒక్క పురుగు చేరినను చెరువులో సంతతి మొదలుకాగలదు. 1990 దశకములో ఇది బ్రిటనులో కనబడినది. ఆపైన ఐరోపాలోని ఇతర దేశములలోను, చైనాలోను కనుగొనిరి. స్లొవేకియా పురుగులలోను లెక్క 24గానే వచ్చినదని 2010లో ప్రకటించిరి. చేపలను దేశమునుండి దేశమునకు చేరవేయువారే దీనిని వెంట తీసికొనిపోయిరని నా అభిప్రాయము.

చేప రెట్టతో వెలుపడిన గ్రుడ్లను అడుగు బురదలోని సన్నని ఎఱ్ఱలు తినును; ఆ ఎఱ్ఱలను తిన్న చేపకు పురుగు పట్టును. కావున బయటి చేపపిల్లలను తెచ్చినపుడు ముందు వేరొక గుంటలో ఉంచుడు. వానిలో కొన్నింటిని కోసి, ప్రేగును చీల్చి, తెల్లని పురుగులున్నవేమో చూచిన తరువాతనే చెరువులో విడువుడు. పట్టుబడి ముగిసిన చెరువును అడుగు బీటలు వారువరకు ఎండగట్టుడు.